బాస్ఫరస్ గేటు, మావయ్య ప్రశ్న

ఎనిమిదేళ్ల తర్వాత ఈ సంక్రాంతికి ఇంట్లో ఉన్నాను. షిప్పు ఉద్యోగస్తుడికి పండగంటే వాట్సాప్‌లో వచ్చే ముగ్గుల ఫొటోలే. అందుకని ఈసారి కసిగా పెరట్లో పీట వేసుకుని, అమ్మ నూనెలోంచి తీసి నొక్కిన అరిసెని నొక్కినట్టే తినేస్తూ కూర్చున్నాను. గాజువాక నుంచి వచ్చిన మావయ్య ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఆయన నేవీలో పెట్టీ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాడు. మనిషి ఒడ్డుకొచ్చి పదిహేనేళ్లయినా మాట ఇంకా డెక్ మీద ఉన్నట్టే వస్తుంది, గట్టిగా.

"ఒరే అల్లుడూ, ఆ టర్కీ సందులోంచి ఎన్నిసార్లు వెళ్లావు నువ్వు?"

"ఏడుసార్లు మావయ్యా."

"అయితే చెప్పు. ఆడు ఎవరి పక్షం? అమెరికావోడి నేటో కూటమిలో ఉంటాడు. రష్యా దగ్గర మిసైళ్లు కొంటాడు. ఉక్రెయిన్‌కి డ్రోన్లు అమ్ముతాడు. మన మీదకి పాకిస్తాన్ వదిలినవీ ఆడియే అన్నారు. ఏటి ఆడి కథ?"

ఈ ప్రశ్న మా ఇంట్లో కొత్తది కాదు. 2025 మే నెలలో పాకిస్తాన్ వదిలిన డ్రోన్లు ప్రాథమికంగా చూస్తే టర్కీ తయారీవేనని మన సైన్యం చెప్పిన రోజు నుంచి ఫ్యామిలీ గ్రూపులో రగులుతూనే ఉంది. టర్కీ యాపిల్స్ కొనొద్దని మా బావ రోజుకి మూడు మెసేజీలు పెట్టాడు. మా ఉద్దానంలో టర్కీ యాపిల్ తినేవాడెవడో నాకు తెలీదు గానీ, కోపం మాత్రం నిజమైనదే. నాకూ వచ్చింది. అయితే మావయ్య ప్రశ్నకి అరిసె అయిపోయేలోగా జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి పడుకున్నాక, అసలు ఆ ప్రశ్నే సరైంది కాదేమో అనిపించింది. "ఎవరి పక్షం" అని కాదు, "ఎక్కడ నిలబడ్డాడు" అని అడగాలి. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

మావయ్య అన్న ఆ టర్కీ సందు బాస్ఫరస్ జలసంధి, నల్ల సముద్రంలోంచి ఓడలు బయటి సముద్రాలకి వచ్చే దారి. మ్యాపులో అది సముద్రంలా ఉండదు, ఏదో కాలవలా ఉంటుంది. దగ్గరికెళ్లినా అంతే. పొడవు 31 కిలోమీటర్లు. బాగా ఇరుకైన చోట వెడల్పు 700 మీటర్లు. రెండు ఒడ్డుల మీదా కోటిన్నర జనాభా ఉన్న ఇస్తాంబుల్. మాది 183 మీటర్ల టాంకర్. నేను సెకండ్ మేట్‌ని, అంటే షిప్పు ఏ దారిలో వెళ్లాలో చార్టు మీద గీసిపెట్టే పని నాది. ఆ 31 కిలోమీటర్లలో కనీసం పన్నెండు చోట్ల దిక్కు మార్చాలి. యెనికోయ్ దగ్గర మలుపు ఇంచుమించు 80 డిగ్రీలు. పైగా నల్ల సముద్రం నుంచి కిందికి వచ్చేటప్పుడు ప్రవాహం వెనక నుంచి తోస్తుంటుంది. వెనక నీళ్లు తోస్తుంటే షిప్పు చుక్కాని మాట సరిగ్గా వినదు. ఆ మలుపుల్లో మా కెప్టెన్ ఒక్క ముక్క మాట్లాడడు, కాఫీ ముట్టడు.

ఒకసారి మా బ్రిడ్జ్ (షిప్పు నడిపే గది) మీదకొచ్చిన టర్కీ పైలట్, అంటే ఓడకి దారి చూపించే అక్కడి నావికుడు, కుడి చెయ్యి ఎత్తకుండా చూపుడువేలు మాత్రం తిప్పి ఆసియా ఒడ్డు మీద ఒక చోటు చూపించాడు. 2018 ఏప్రిల్‌లో అక్కడే, రెండో వంతెన పక్కన, వీటాస్పిరిట్ అనే పెద్ద సరుకు ఓడకి ఇంజిన్ ఆగిపోయి, పాతకాలపు చెక్క బంగళా ఒకదాన్ని గుద్దేసింది. నీళ్లకి ఆనుకుని ఉండే అలాంటి ఇళ్లని అక్కడ యాలి అంటారు. "అందులో పెళ్లిళ్లు చేసేవాళ్లు," అన్నాడు పైలట్, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా. తర్వాత ఎదురు ఒడ్డు మీద రాతి కోట చూపించాడు. రుమేలీ హిసారి. ఇస్తాంబుల్‌ని గెలవడానికి ముందు ఏడాది, 1452లో, సుల్తాన్ రెండో మెహ్మెద్ కట్టించినది. అప్పట్లో దానికి పేరే "బోగాజ్‌కెసెన్", అంటే జలసంధిని కోసేది. గొంతు కోసేది అనీ అర్థం వస్తుందట, ఎందుకంటే వాళ్ల భాషలో జలసంధికీ గొంతుకీ ఒకటే మాట. ఆగమంటే ఆగని వెనిస్ ఓడ ఒకదాన్ని ఆ ఏడాదే ఫిరంగితో ముంచేశారు.

ఈ రోజు ఆ ఫిరంగి పని చేస్తున్నది ఒక కాగితం.

1936 జూలై 20న స్విట్జర్లాండ్‌లోని మాంత్రో అనే ఊళ్లో సంతకం చేసిన ఒప్పందం అది. మా లాంటి సరుకు ఓడలకి శాంతికాలంలో దారి పూర్తిగా తెరిచే ఉంటుంది. పైలట్‌ని తీసుకోవడం కూడా తప్పనిసరి కాదు. ఆ మలుపులు చూశాక తీసుకోకుండా ఉండేవాళ్లు తక్కువనుకోండి, అది వేరే సంగతి. యుద్ధనౌకలకి మాత్రం బోలెడు నిబంధనలు. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న దేశాలైతే ఎనిమిది రోజుల ముందు చెప్పాలి. బయటి దేశాలకి పదిహేను రోజులు మంచిది. బయటివాళ్లు లోపలికెళ్లినా 21 రోజులకి మించి ఉండకూడదు, వాళ్ల నౌకలన్నీ కలిపినా ఇన్ని టన్నులు దాటకూడదు. ఇక 19వ అధికరణం. యుద్ధం జరుగుతూ టర్కీ అందులో లేకపోతే, ఆ యుద్ధం చేస్తున్నవాళ్ల నౌకలకి దారి ఇవ్వకూడదు, సొంత రేవుకి తిరిగి వెళ్లేవాటికి తప్ప.

ఇదంతా మావయ్యకి చెబితే ఆయనకి వెంటనే గుర్తొచ్చింది వర్యాగ్. నేవీ వాళ్ల జ్ఞాపకశక్తి అలాంటిది. సోవియట్ యూనియన్ సగంలో వదిలేసిన విమానవాహక నౌక అది. ఇంజిన్ లేని ఆ డొక్కుని, మకావులో తేలే కేసినో చేస్తామని చెప్పి ఒక కంపెనీ ఉక్రెయిన్ దగ్గర కొన్నది. టగ్గులు కట్టి లాక్కొస్తుంటే టర్కీ ఏడాదికి పైగా ఆపేసింది. చివరికి బేరాలన్నీ అయ్యాక 2001 నవంబర్‌లో బాస్ఫరస్ దాటనిచ్చింది. అదే 2012లో చైనా మొదటి విమానవాహక నౌక ల్యావోనింగ్ అయింది. "కేసినో!" అని మావయ్య తొడ చరుచుకుని నవ్వాడు. "ఆ రోజు ఆడు కాదంటే చైనావోడి కథ ఎలగుండేదో!" ఎలా ఉండేదో మనం చెప్పలేం. ఆ తాళంచెవి టర్కీ చేతిలో ఉందన్నది మాత్రం అందరికీ మళ్లీ గుర్తొచ్చింది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకొచ్చింది. నాలుగు రోజులకి, 28న, టర్కీ ఆ 19వ అధికరణం బయటికి తీసింది. నేనప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. టీవీలో ట్యాంకులు, మంటలు చూపించారు గానీ ఈ వార్తకి స్క్రోలింగ్‌లో ఒక లైనే దక్కింది. నాకు మాత్రం ఆ ఒక్క లైనే మిగతావాటికంటే పెద్దదనిపించింది. ఏప్రిల్ 14న నల్ల సముద్రంలో రష్యా ప్రధాన యుద్ధనౌక మాస్క్వా మునిగిపోయింది. దాని తోబుట్టువుల్లాంటి నౌకలు రెండు, మార్షల్ ఉస్తినోవ్, వర్యాగ్ (ఇది వేరే వర్యాగ్, పేర్లకి కరువొచ్చినట్టుంది), అప్పటికి మధ్యధరా సముద్రంలోనే ఉన్నాయి. లోపలికి రాలేకపోయాయి. పోయినదాని చోట ఇంకోటి తెచ్చి పెట్టుకునే దారి రష్యాకి లేకుండా పోయింది.

అలాగని టర్కీ ఉక్రెయిన్ పక్షం అని రాసుకుంటే తప్పు. నల్ల సముద్రం దేశాలు కావచ్చు, బయటివి కావచ్చు, అందరూ యుద్ధనౌకలు పంపొద్దని చెప్పింది. నేటో మిత్రులకీ అదే మాట. ఉక్రెయిన్‌కి బ్రిటన్ దానంగా ఇచ్చిన, సముద్రంలో మందుపాతరలు ఏరే నౌకలు రెండు వెళ్తామంటే, యుద్ధం అయ్యేదాకా కుదరదని 2024 జనవరి మొదట్లో తేల్చి చెప్పింది. ఇంకా విచిత్రం చూడండి. ఇస్తాంబుల్ శివారు తుజ్లాలో ఉక్రెయిన్ నేవీ కోసం టర్కీయే ఒక కొత్త యుద్ధనౌక కట్టింది. 2022 అక్టోబర్‌లో నీళ్లలోకి దింపింది. కట్టినవాడూ తనే, గేటు వేసినవాడూ తనే. యుద్ధం ముగిసేదాకా ఆ నౌక సొంత ఊరికి వెళ్లే దారి లేదు.

గేటు రెండు వైపులా మూస్తే లోపల మిగిలేది ఎవరు? ఒడ్డున ఉన్నవాళ్లు. వాళ్లలో రష్యాకి సరిజోడుగా నిలవగల నేవీ ఉన్నది టర్కీకే. అమెరికా నౌకలు ఎక్కువగా తిరగకూడదు, రష్యా మరీ బలవకూడదు. వాళ్ల చరిత్ర చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఈ జలసంధుల్లో మాకూ స్థావరాలు కావాలని స్టాలిన్ అడిగాడు. 1946 ఏప్రిల్‌లో అమెరికా మిస్సోరి యుద్ధనౌకని ఇస్తాంబుల్ పంపింది. వాషింగ్టన్‌లో చనిపోయిన టర్కీ రాయబారి శవపేటిక తీసుకొచ్చామన్నది సాకు. నౌక మీద ఉన్న ఫిరంగులు చూసినవాళ్లకి అసలు సంగతి అర్థమైంది. 1952 ఫిబ్రవరిలో టర్కీ నేటోలో చేరింది. రష్యా భయంతో గొడుగు కిందకి వచ్చిన మనిషి వాడు. వాన తగ్గాక గొడుగు పట్టుకున్నవాడి చెయ్యి బరువుగా అనిపించడం మొదలైంది.

ఇక నా సొంత కథ. 2022 మార్చిలో అమ్మ ఫోన్ చేసి మొదట అడిగింది నా ఆరోగ్యం కాదు. "మీ షిప్పుల్లో నూనె రావడం లేదేట్రా? లీటరు ప్యాకెట్ రెండొందల దగ్గరికి పోయింది." మన దేశానికి వచ్చే సన్‌ఫ్లవర్ నూనెలో పెద్ద వాటా అప్పటిదాకా ఉక్రెయిన్‌దే. ఒడెసా చుట్టుపక్కల రేవుల్లో ఎక్కి, బాస్ఫరస్ దాటి, సూయెజ్ దాటి, కృష్ణపట్నంలోనో కాకినాడలోనో దిగేది. యుద్ధంతో ఆ రేవులు మూతపడ్డాయి. మా వీధి కొట్లో ప్యాకెట్ రేటు అక్కడ తయారవుతోందని అమ్మకి చెబితే నమ్మలేదు. కొట్టువాడే దాచేస్తున్నాడంది.

2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో ధాన్యం ఒప్పందం కుదిరింది. రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు. రెండు వేర్వేరు కాగితాల మీద పెట్టాయి. రెండింటిలోనూ టర్కీ, ఐక్యరాజ్యసమితి ఉన్నాయి. ఆగస్టు 1న రజోనీ అనే మొదటి ఓడ మొక్కజొన్న వేసుకుని ఒడెసా వదిలింది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రతి ఓడా ఇస్తాంబుల్ దగ్గర ఆగి తనిఖీ చేయించుకోవాలి. ఆ తనిఖీ జట్టులో నలుగురి మనుషులూ ఉండేవాళ్లు.

అలా డిసెంబర్‌లో మా ఓడ ఇస్తాంబుల్ ముందున్న మర్మరా సముద్రంలో లంగరేసి పడుంది. ట్యాంకుల నిండా నూనె. చుట్టూ వందకి పైగా ఓడలు, రాత్రయితే ఒక ఊరు తేలుతున్నట్టు దీపాలు. ఒకరోజు, రెండు రోజులు అనుకున్నది ఇరవై రెండు రోజులైంది. మధ్యలో లోదోస్ అనే దక్షిణపు గాలి లేచింది. అది లేస్తే తనిఖీ పడవ రాదు, లంగరు కూడా జారుతుంది. రెండుసార్లు అర్ధరాత్రి ఇంజిన్ వేసి లంగరు తీసి మళ్లీ వేశాం. తాజా కూరలు అయిపోయాయి. భీమిలి నుంచి వచ్చిన మా వంటవాడు అప్పారావు (అసలు పేరు కాదు) బంగాళదుంపతో తొమ్మిది రకాలు చేసి చూపించాడు. ట్యాంకుల్లో వేల టన్నుల నూనె ఉంది, కిచెన్‌లో నూనె డబ్బా అడుగంటింది. ఆ మాట మెస్‌లో రోజూ ఎవరో ఒకరు అనేవారు, రోజూ నవ్వేవాళ్లం.

ఇరవై మూడో రోజు పడవ వచ్చింది. వచ్చినవాళ్లు మమ్మల్ని డెక్ మీద వరసగా నిలబెట్టి పాస్‌పోర్టులో ఫొటోని మొహంతో పోల్చారు. పంప్ రూమ్, ఇంజిన్ రూమ్, పెయింట్ స్టోరు, చివరికి ఖాళీ కూరగాయల గది కూడా తెరిపించారు. దాచిన మనుషులున్నారా, ఆయుధాలున్నాయా అని. తర్వాత కాగితాల పని కోసం ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఉక్రెయిన్ ఆయన కిటికీ పక్కన. రష్యా ఆయన తలుపు పక్కన. ఇద్దరికీ అర్థమయ్యే భాష ఒకటుందని నాకు తెలుసు, ఎందుకంటే ఇద్దరూ మా ఉక్రెయిన్ ఎలక్ట్రీషియన్‌తో రష్యన్‌లోనే మాట్లాడారు. ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోలేదు. మధ్యలో బల్ల దగ్గర టర్కీ ఆఫీసర్, నలభై దాటిన మనిషి, చలికి ముక్కు ఎర్రబడింది. ఐక్యరాజ్యసమితి అమ్మాయి పక్కన నిలబడి ఫోన్‌లో ఏదో రాసుకుంటోంది. ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలంటే టర్కీ ఆయన చేతి మీదుగానే. పెన్ను కూడా ఆయనదే. ఇటు ఇస్తాడు, తీసుకుంటాడు, అటు ఇస్తాడు, తీసుకుంటాడు. నేను టీ పెట్టిన ట్రే కూడా ఆయన ముందే పెట్టాను, ఎందుకో తెలీదు, చెయ్యి అటే వెళ్లింది. ఆయనే కప్పులు పంచాడు. వెళ్లేటప్పుడు పెన్ను మర్చిపోకుండా జేబులో పెట్టుకున్నాడు.

టర్కీ పాత్ర గురించి నాకు తెలిసినదంతా ఆ గదిలోనే తెలిసింది. ఆ టర్కీ ఆఫీసర్ వల్ల ఆ ఇద్దరికీ ప్రేమ పుట్టలేదు. ఆయన ఎవరినీ ఒప్పించలేదు. పెన్ను ఆయన దగ్గర ఉందంతే. కానీ పెన్ను ఆయన దగ్గర ఉండబట్టే మా నూనె కృష్ణపట్నం చేరింది.

ఏడాదిలో ఆ దారిలో దాదాపు 3.3 కోట్ల టన్నుల తిండిగింజలు, నూనె బయటపడ్డాయి. మధ్యవర్తి కూలి కూడా తీసుకున్నాడు. మాంత్రో కాగితంలో ఓడలు కట్టే రుసుము బంగారు ఫ్రాంకుల్లో రాసి ఉంటుంది. ఆ ఫ్రాంకు విలువ ఎంతని లెక్కగట్టేది టర్కీయే. 1983 నుంచి సుమారు 80 సెంట్ల దగ్గరే ఉన్నదాన్ని 2022 అక్టోబర్‌లో 4 డాలర్లు చేసింది. ఒక్క దెబ్బకి ఐదు రెట్లు. ఒప్పందంలో అక్షరం మార్చలేదు, లెక్క మార్చింది. ఆ నెల వాళ్ల దేశంలో ధరల పెరుగుదల ప్రభుత్వ లెక్క ప్రకారమే 85 శాతం దాటింది. డాలర్లు వచ్చే ఏ దారినీ వదులుకునే స్థితిలో లేరు.

ఇంతవరకూ రాసింది చదివితే టర్కీ ఏదో మహా తెలివైన ఆటగాడు అనిపిస్తుంది. 2023 జూలై నెల చూస్తే ఆ అభిప్రాయం కాస్త సడలుతుంది. మరియుపోల్‌లో అజోవ్‌స్తాల్ ఫ్యాక్టరీని కాపాడుతూ రష్యాకి చిక్కిన ఉక్రెయిన్ కమాండర్లు ఐదుగురు ఖైదీల మార్పిడిలో టర్కీకి వచ్చారు. యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉంచుతామని మాట. జూలై 8న జెలెన్‌స్కీ ఇస్తాంబుల్ వచ్చి వాళ్లని విమానంలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మాట తప్పారని రష్యా మండిపడింది. రెండు రోజుల తర్వాత, స్వీడన్ నేటోలో చేరడానికి అడ్డు తీసేస్తానని టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఒప్పుకున్నాడు. జూలై 17న రష్యా ధాన్యం ఒప్పందం నుంచి తప్పుకుంది. తన ఎగుమతుల గురించి ఇచ్చిన హామీలు నిలబెట్టుకోలేదన్నది రష్యా చెప్పిన కారణం. సెప్టెంబర్‌లో ఎర్డోగాన్ సోచీ దాకా వెళ్లి పుతిన్‌తో మాట్లాడాడు. ఉత్త చేతులతో వచ్చాడు.

స్వీడన్ విషయంలో మాత్రం ఉత్త చేతులు కాదు. ఒప్పుకున్నాక కూడా ఆరు నెలలు నానబెట్టి, 2024 జనవరిలో పార్లమెంటులో ఆమోదించారు. ఆ వారంలోనే అమెరికా 40 కొత్త ఎఫ్-16 యుద్ధవిమానాలు అమ్మడానికి పచ్చజెండా ఊపింది. బేరం తెలిసినవాడు. అయితే ఆ ఎఫ్-16లు అడగాల్సిన గతి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. 2019లో రష్యా ఎస్-400 మిసైళ్లు తెచ్చుకున్నందుకు ఎఫ్-35 యుద్ధవిమానాల కార్యక్రమం నుంచి అమెరికా వాళ్లని బయటికి నెట్టింది. ఆ విమానాలకి విడిభాగాలు చేసే దేశం వాళ్లది, విమానం మాత్రం దక్కలేదు. కొన్న ఎస్-400లతోనూ పెద్దగా ఒరిగింది లేదు. మావయ్య ఇక్కడ ఆపాడు. "మనమూ కొన్నాం కదరా అయ్యే." కొన్నాం. అమెరికా ఆంక్షలు మన మీద పడలేదు. మనం ఏ కూటమిలోనూ చేరినవాళ్లం కాదు. ఇంట్లో ఉంటూ పక్కింటి తాళం పెట్టుకోవడం వేరు కదా.

ఇంకోటి, నాకు దగ్గరగా తగిలేది. ధాన్యం ఒప్పందం పోయాక 2023 ఆగస్టు 13న రష్యా గస్తీ నౌక నల్ల సముద్రంలో శుక్రు ఓకాన్ అనే సరుకు ఓడ మీద హెచ్చరికగా కాల్పులు జరిపి, హెలికాప్టర్‌లో మనుషుల్ని దింపి తనిఖీ చేసింది. జెండా పలావుది, యజమానులు టర్కీ వాళ్లు. గేటు దగ్గర అంత గట్టిగా మాట్లాడే టర్కీ నుంచి కొన్ని రోజులు చప్పుడే లేదు. 2025 నవంబర్ చివర్లో ఇటువైపు దెబ్బ. రష్యా చమురు మోసే పాత టాంకర్లు రెండింటిని టర్కీ తీరానికి దగ్గర్లోనే ఉక్రెయిన్ సముద్ర డ్రోన్లు కొట్టాయి. వాటిలో ఒకదాని పేరు విరాట్. ఆ పేరు చూసి మా గ్రూపులో నలుగురు కంగారుగా ఫోన్లు చేశారు, మన ఓడేమో అని. కాదు. కానీ ఓడ ఎవరిదైనా లోపల ఉండేది మా లాంటివాళ్లే. ఈసారి ఎర్డోగాన్ గట్టిగానే మాట్లాడాడు. గేటు చేతిలో ఉన్నంత మాత్రాన గేటు అవతలి రోడ్డు చేతిలో ఉన్నట్టు కాదు.

వాళ్లలోనూ ఈ కాగితం విలువ తెలిసినవాళ్లున్నారు. బాస్ఫరస్‌కి సమాంతరంగా కొత్త కాలవ తవ్వుతానని ఎర్డోగాన్ ఎప్పటినుంచో అంటున్నాడు. ఆ కాలవ వస్తే మాంత్రో మీద చర్చ మొదలవుతుంది, దాని జోలికి పోవద్దని 2021 ఏప్రిల్‌లో రిటైరైన అడ్మిరళ్లు 104 మంది బహిరంగంగా రాశారు. వాళ్లలో పదిమందిని అదుపులోకి తీసుకున్నారు. ఇది వినగానే మావయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "అడ్మిరల్స్‌నా?" అన్నాడు. ఆయన కోపం అప్పటిదాకా టర్కీ మీద, ఆ తర్వాత కాసేపు టర్కీ ప్రభుత్వం మీద.

నాకు ఎర్డోగాన్ అంటే అభిమానం లేదు. పాకిస్తాన్‌కి వాళ్లిచ్చే ఆయుధాల సంగతి మర్చిపోమనీ నేను చెప్పను. 2023 ఫిబ్రవరి భూకంపంలో వాళ్ల దగ్గర యాభై వేలకి పైగా మనుషులు చచ్చిపోతే మన సైన్యం ఇస్కెందెరూన్‌లో ఆసుపత్రి పెట్టి వైద్యం చేసింది. రెండేళ్లకి వాళ్లు పాకిస్తాన్ వెనక నిలబడ్డారు. బావ కోపం అక్కడ మొదలైంది, అర్థం చేసుకోగలను. కానీ రష్యా, ఉక్రెయిన్ మాట్లాడుకోవాలంటే 2022 మార్చిలోనూ, 2025 మే నెలలోనూ కూర్చున్నది డోల్మాబాచే ప్యాలెస్‌లోనే. మేం దాటేటప్పుడు ఎడమచేతి వైపో కుడిచేతి వైపో తెల్లగా కనిపించే మేడ అది. అక్కడ యుద్ధం ఆగలేదు. ఖైదీల మార్పిడి మాత్రం కుదిరింది. వాషింగ్టన్, మాస్కో, బ్రస్సెల్స్ మాట ఒక్కటే చెల్లే రోజులు పోతున్నకొద్దీ ఇలాంటి మధ్య గదులకి గిరాకీ పెరుగుతోంది. గది యజమాని మంచివాడా కాదా అని అద్దెకొచ్చేవాళ్లు చూడటం లేదు.

కనుమ మర్నాడు మావయ్యని రైలెక్కించడానికి బైక్ మీద స్టేషన్‌కి బయల్దేరాను. రైల్వే గేటు పడింది. మా వెనక ఆటోలు, రెండు లారీలు, జీడిపప్పు బస్తాల వ్యాన్, ప్రభుత్వ బోర్డున్న కారు ఒకటి. ఆ కారు డ్రైవర్ దిగి గేటుమేన్‌తో ఏదో అన్నాడు. గేటుమేన్ తల అడ్డంగా ఊపి క్యాబిన్‌లోకి వెళ్లిపోయాడు.

"అంటే ఈడిలాగన్నమాట నీ టర్కీవోడు," అన్నాడు మావయ్య వెనక నుంచి. "ఈడికి బలమేటి లేదు. రూలు బుక్కుంది, గేటుంది."

"ఇంచుమించు అంతే. కాకపోతే ఆడు గేటు పక్కనే కొట్టు కూడా పెట్టాడు మావయ్యా. రెండు వైపులా ఆగినవాళ్లకి సరుకు అమ్ముతాడు. ఆ డ్రోన్ల కొట్టు నడిపేది సొంత అల్లుడే."

ఇది నిజం. బైరక్తార్ డ్రోన్లు చేసే కంపెనీకి పెద్దతల అయిన సెల్చుక్ బైరక్తార్ ఎర్డోగాన్ అల్లుడే. మావయ్య నా భుజం మీద ఒకటి చరిచాడు. "చూశావా, అల్లుడంటే అలగుండాలి."

గూడ్సు రైలు వచ్చింది, బొగ్గు పెట్టెలు. ఆయన కాసేపు పెట్టెలు లెక్కపెట్టి వదిలేశాడు.

"ఆ ఫ్రాంకో ఏదో చెప్పావే, నాలుగు డాలర్లని. అక్కడితో ఆగిందా?"

"లేదు. ఏటా జూలైలో పెంచుతున్నాడు. 2025 జూలైకి ఐదు దాటి ఆరు దగ్గరికి వచ్చింది."

"ఓడలోళ్లు గొడవ చెయ్యరా?"

"గొణుక్కుంటారు. కట్టి వెళ్తారు."

గేటు లేచింది. ప్రభుత్వ బోర్డు కారు హారన్ కొట్టుకుంటూ ముందు దూరింది.